కోటీ నూటపదహారు

మా పక్కింటి లెక్కల మేష్టారు పోయారని మొన్న పొద్దున్న వాళ్ళ కోడలు పిట్టగోడ మీంచి చెప్పింది. అమలాపురంలో సగం మంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నారు. మిగతా సగం ఆయన కంటబడకుండా తిరిగారు. పక్కిల్లే కాబట్టి నాకు ఆ వీలు లేకపోయింది.

బస్టాండులో ఆయన బస్సు బోర్డు కాదు, నంబరు ప్లేటు చూసేవారు. ఓసారి రాజోలు వెళ్ళాల్సిన మనిషి కొత్తపేటలో దిగారు. అదేంటండీ అంటే, "ప్రధాన సంఖ్యండమ్మా. దేంతోనూ భాగం పోదు. వదలబుద్ధి కాలేదు" అన్నారు. "అంకెని గదమాయించకూడదండి, ఊరికే చూస్తూ కూర్చుంటే అదే చెప్తుంది" అనేవారు. తెలుగు ఎమ్మే చదివిన నాకు అంకెల్లో అందం కనబడిందంటే ఆయన చలవే.

మా అమ్మాయి తాంబూలాలనాడు మామిడికుదురు నుంచి పెళ్ళికొడుకు పెదనాన్నగారు వచ్చారు. శకునాల పట్టింపు మనిషి. ఆయన ఊఁ అంటేనే ఆ ఇంట్లో పెళ్ళి. పిల్లాణ్ణి మా అమ్మాయి తనే కోరుకుంది. పెదనాన్నగారు పళ్ళెంలో వెయ్యిన్నూటపదహార్లు పెట్టి, "నూటపదహారు చేరిన అంకెని ఎవడూ విడగొట్టలేడండి. జంటా అలాగే ఉండాలి" అన్నారు.

"ముప్పయ్యారుతో పోతుందండి," అన్నారు మా మేష్టారు.

శుభమా అని తాంబూలాలు మార్చుకునే చోట "పోతుంది" అనే మాట! పెదనాన్నగారు కండువా దులిపి లేచారు. తలుపు చాటున మా అమ్మాయి ముఖం పాలిపోయింది. నేను కళ్ళతో ఎంత ఉరిమినా మేష్టారికి కనబడితేనా?

"భాగం పోవడం గురించండి నేను చెప్పేది. ముప్పయ్యారు మంది పంక్తిలో కూర్చున్నా అందరికీ సమానంగా వస్తుంది. శేషం సున్నా. ఒక్కరూ అలిగి లేవక్కర్లేదండి."

ఎవరో కిసుక్కుమన్నారు. లేచి నిలబడ్డది పెదనాన్నగారొక్కరే మరి.

"లక్షా నూటపదహారైతేనో?"

"పోతుందండి."

"కోటీ నూటపదహారు?"

"మధ్యన సున్నాలెన్నొస్తే ఏంటండి? అంకెలు కూడండి. మూడొకట్లూ ఓ ఆరూ, తొమ్మిది. తొమ్మిదితో పోయింది. చివర పదహారుంది, నాలుగుతో పోయింది. ఇంక ముప్పయ్యారుతో పోక ఏం చేస్తుందండి?"

మాట మార్చుంటే ఆ పెద్దమనిషి వెళ్ళిపోయేవారే. మేష్టారు మార్చలేదు. అందుకే పెదనాన్నగారికి పంతం వచ్చింది. పళ్ళెంలోని సున్నం వేలికి తీసుకుని, మా ఎర్రగచ్చు మీద కోటీ నూటపదహారు వేసి, తానే భాగించారు. రెండు లక్షల డెబ్బై ఏడు వేల ఏడు వందల ఎనభై ఒకటి. అడుగున సున్నా చుట్టి, కాసేపు దాన్నే చూశారు.

"తాంబూలాలు అందుకోండి," అన్నారు మావారితో, తలెత్తకుండానే. "మేష్టారూ, పదికోట్లది కూడా చూసేద్దామాండీ?"

"ఆయ్, చూసేద్దామండి."

లోపల పులిహోర చల్లారిపోయింది. పెద్దమనుషులిద్దరూ పంచెలు ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, ఒక్కో సున్నా చేరుస్తూ వీధి గుమ్మం వైపు జరుగుతున్నారు. తడిమీద కనీకనబడని అంకెలు వాళ్ళ వెనక ఆరేకొద్దీ తెల్లగా తేలుతున్నాయి.