బెంచీ మీద గోల్‌కీపర్

నిజాంపేటలో మా అమ్మాయి చదివిన చిన్న బడికి మైదానం లేదు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పార్కింగ్ స్థలంలోనే సాధన చేసి, ఏటా స్కూళ్ల టోర్నీలో నాకౌట్ దాకా వెళ్లి, అక్కడ ఒకే పెద్ద స్కూలు చేతిలో చిత్తుగా ఓడేది. కిందటేడు మాత్రం ఒక్క గోల్ తేడాతో ఓడింది. గోల్‌కీపర్ మా అమ్మాయి. ఆ సాయంత్రమే పెద్ద స్కూలు కోచ్ ఫోన్ చేసి, సగం ఫీజుకే సీటిస్తామన్నాడు. దాని భవిష్యత్తు గురించి ఎప్పుడూ దిగులుపడే నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఈ ఏడు మళ్లీ అదే మ్యాచ్. పెద్ద స్కూలుకు ముందే ఇద్దరు కీపర్లున్నారు. మా అమ్మాయి కొత్త జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంది. ఎదుటి గోల్‌పోస్టు ముందు దాని పాత గ్లవ్స్‌తో నిలబడ్డ స్నేహితురాలు ఎనిమిది గోల్స్ ఆపలేకపోయింది.

పాత బడి పీటీ సార్ నా దగ్గరికొచ్చారు. "మీ బిడ్డను ఆడిపియ్యనీకి తీస్కపోలే మేడం, మాకు లేకుండ చెయ్యనీకి తీస్కపోయిన్రు."

కోపంగా లేచి వెళ్లి అమ్మాయి బ్యాగు అందుకున్నాను.

ఇంటికి వస్తుంటే అమ్మాయి అడిగింది: "గోల్ పడ్డప్పుడల్లా నువ్వెందుకు చప్పట్లు కొట్టినవ్ మమ్మీ?"

చుట్టూ తల్లులంతా కొడుతున్నారని కొట్టాను. ఆ మాట దానికి ఇంకా చెప్పలేదు.