పెన్న వంతెన దాటగానే నా పేరు

ఆ రోజుల్లో జమ్మలమడుగుకు కొత్తగా వచ్చేవాళ్లకు ఊరికంటే ముందు నా పేరు కనిపించేది. ముద్దనూరు వైపు నుంచి బస్సు పెన్న వంతెన ఎక్కిందంటే చాలు, అవతలి గట్టున నా బోర్డు ఎండకు ధగధగలాడుతూ ఉండేది. వకీలు తన గది ముందు కట్టుకునే బోర్డు ఎంత ఉండాలి, దాని మీద ఏం రాసుకోవాలి అని బార్ కౌన్సిల్ వాళ్ల నియమం ఒకటుంది చూడండి, అది ఈ దేశంలో పుట్టడానికి కారణం నేనే. (ఈ మాట మొన్న ప్రొద్దుటూరు కోర్టు క్యాంటీన్‌లో కుర్ర వకీళ్లకు చెబితే నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒక్కడూ పుస్తకం తీసి చూడలేదు. వృత్తి ఏమైపోతుందోనని అప్పట్నుంచి నాకు దిగులు పట్టుకుంది.) నిజానికి ఆ నియమం నేను నల్లకోటు తొడుక్కునే నాటికే ఉంది. లా పరీక్షలో అడిగారు కూడా. నేను దాన్ని వదిలేసి పక్క ప్రశ్న రాశాను. ఇక వంతెన మీంచి నా బోర్డు కనిపించేది కాదు. వంతెన దిగి, బస్టాండు దారిలో మలుపు తిరిగితేనే కనిపించేది. అయినా ఆ మలుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

మాది వేముల దగ్గర శనక్కాయ పండించే పల్లె. మా వంశంలో కోర్టుకు ముద్దాయిలుగా తప్ప వెళ్లినవాళ్లు లేరు. అలాంటిది నేను వకీలునై జమ్మలమడుగులో మేడ మీద గది తీసుకునేసరికి, మా నాయన ఒకే ఒక్క కోరిక కోరాడు. "ఒరే అబ్బీ, బోర్డు బస్సులోంచి కనపడాల. మనూరోళ్లు కిటికీలోంచి చూసి, అద్దో ఆయప్ప కొడుకు బోర్డు అనాల. శానా పెద్దగా రాపీ. నాకు సదువు రాదు గదా, చిన్నక్షరాలైతే నీదో ఇంగొకరిదో యాడ తెలుస్తాది?" (చదువు రాని మనిషికి అక్షరం పెద్దదైతే మాత్రం ఏం తెలుస్తుందని నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేడు.)

బోర్డు రాసింది రంగుల మామ. ప్రొద్దుటూరు సినిమా హాళ్లకు బొమ్మలు గీసేవాడు, నా ఈడువాడే. ఊరంతా మామా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ని. వకీలు బోర్డు రాయడం అతనికి అదే మొదలు. "ఫికర్ చేయబాక సాబ్, మీ నాయన బస్సులోంచి చూస్తే కండ్లు చెదరాల," అన్నాడు. నిజంగానే చెదిరాయి, కాకపోతే అందరివీ. రేకు మీద నా పేరు ఎర్రగా, దాని వెనకాల పసుపు నీడ. ఒక పక్క నల్లకోటులో నేను, చెయ్యి పైకెత్తి ఎవర్నో కొట్టబోతున్నట్టు. ఇంకో పక్క కళ్లకు గంతలతో, చేతిలో త్రాసుతో న్యాయదేవత. ఆ వారం అతను ఏ నాయికను గీస్తున్నాడో, ఆమె మొహమే ఈమెకూ వచ్చింది. నడుమూ ఆమెదే. బోర్డు ఎక్కించిన రోజు మైలవరం వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయమ్మ, పిల్లల్నేసుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "ఆట మొదలైపాయనా అబ్బోడా? మాకు ముందు వరసలో వద్దు, పిల్లోనికి కండ్లు మంటలు పుడతాయి," అంది. నా గదిలోకి వచ్చిన మొట్టమొదటి కక్షిదారు ఆమే అనుకుని నేను కుర్చీ కూడా తుడిచాను.

మర్నాడే బార్ అసోసియేషన్ గదిలో నా మీద విచారణ పెట్టారు. ఫిర్యాదు చేసింది మా సెక్షన్లన్న. నాకంటే కొంచెం ముందు ప్రాక్టీసు పెట్టినవాడు, టీ అడగాలన్నా ఏదో ఒక సెక్షను చెప్పి అడిగే రకం. ఆ గది ఇప్పటికీ కళ్లముందే ఉంది. మేకులకు వేలాడే గౌన్లు, పేము కుర్చీలు, చెమట, చుట్ట వాసన. మధ్యలో అధ్యక్షుడు కూర్చున్నాడు. ఆయనే నా సీనియరు, మేమందరం పెద్దాయన అనేవాళ్లం.

"వకీలు అంగడి పెట్టుకున్నోడు కాదు పెద్దాయనా," అన్నాడు సెక్షన్లన్న. "జనాన్ని బొమ్మలు చూపించి పిల్చుకుంటే మనకూ సర్కసోళ్లకూ తేడా ఏముంది? కౌన్సిల్‌కు రాసి పంపండి. సన్నదు పోవాల్సిన తప్పు ఇది."

సన్నదు అంటే వకీలుగా బతకనిచ్చే అనుమతి. అది పోతే నేను మళ్లీ శనక్కాయ చేలోకే. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, "ఏమబ్బీ, ఆ పక్కన నిలబడుకున్న ఆడమనిషి ఎవురు?" అన్నాడు.

"న్యాయదేవత సార్."

"న్యాయదేవతకు అంత నడుమెందుకబ్బీ?"

గది గదంతా నవ్వింది. అప్పుడు నేను సింహంలా లేచి వాదించాను. నియమంలో బోర్డు తగినంత ఉండాలని మాత్రమే ఉంది, తగినంత అంటే ఎంతో ఎవరు తేల్చాలి, చూసేవాడి కంటి చూపునుబట్టి కదా అని నిలదీసేసరికి సెక్షన్లన్న నోరు మూతపడింది. (ఇదీ క్యాంటీన్ మాటే. ఆ వాదన నాకు తట్టింది చాలా ఏళ్ల తర్వాత, స్నానం చేస్తుంటే. ఆ పొద్దు నేను కుర్చీ వీపు పట్టుకుని లేచాను, అంతే.) నా నోట్లోంచి వచ్చింది ఒకే మాట: "మా నాయన రేపు పులివెందుల బస్సులో వస్తాండాడు సార్. దాన్ని చూసేకి."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "రేపు ఆ బస్సు పోయేదంక ఉండనీండి," అన్నాడు. "బస్సు పోతానే దించేయాల. నేనేమీ రాయను, ఎవురూ రాయబాకండి." తర్వాత సెక్షన్లన్న వైపు తిరిగి, "దించేది నువ్వు నిలబడి చూడు. సెక్షను ప్రకారం దించినారో లేదో," అన్నాడు.

మర్నాడు మేడ కింద నేను, నిచ్చెన మీద రంగుల మామ, నిచ్చెన పట్టుకుని సెక్షన్లన్న. బస్సు మలుపు తిరిగింది. కిటికీలోంచి మా నాయన తువ్వాలు రెపరెపలాడింది. నన్ను చూసి ఊపాడు! ఆ క్షణం తర్వాత నేను ఎన్ని కేసులు గెలిచినా అంత పొంగిపోలేదు. "పాయప్పా బస్సు, కానీండి," అని సెక్షన్లన్న తొందరపెట్టాడు (కానీ అతనూ బస్సు వంకే చూశాడు, నేను గమనించాను). కోర్టు నుంచి పెద్దాయన పిలుపొచ్చి పరుగెత్తాను. సాయంత్రం, "చూసినావా నాయనా?" అంటే, "చూసినా రా. శానా బాగుండాది," అన్నాడు మా నాయన, తల వంచుకుని అన్నం కలుపుకుంటూ.

బోర్డును రంగుల మామ కత్తిరించాడు. న్యాయదేవతను ప్రొద్దుటూరు తీసుకుపోతే గంతలు చెరిపేసి హాలువాళ్లు పెట్టుకున్నారు. నా సగం పేరు, పైకెత్తిన చెయ్యి ఉన్న ముక్క కోర్టు ముందర టీ బంకుకు నీడరేకు అయింది. టీ అతన్ని జనం లాయరూ అని పిలిచేవాళ్లు, నన్ను మాత్రం చాలాకాలం ఎవరూ ఏమని పిలవలేదు. మా నాయన ఊరినుంచి వచ్చినప్పుడల్లా ముందు ఆ బంకు దగ్గర కూర్చుని గానీ మేడ ఎక్కేవాడు కాదు. టీ పైకే తెప్పిస్తానన్నా వినేవాడు కాదు, ఆ టీలో ఏం రుచి ఉండేదో మరి. ఇప్పుడు బంకు లేదు, పెద్దాయన లేడు, నాతో పోట్లాడేందుకు సెక్షన్లన్న కూడా లేడు. నా కోటు తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. అప్పుడప్పుడు దులిపి మళ్లీ అక్కడే తగిలిస్తాను.

ఇంతవరకు రాసిన ఈ కాగితాలు మొన్న ప్రొద్దుటూరులో రంగుల మామకు చదివి వినిపించాను. కొడుకు కువైట్ నుంచి పంపిన కుర్చీలో వెనక్కి వాలి, న్యాయదేవత నడుము దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అరె సాబ్, ఊపింది యాడ? ఎండ పడతాందని ఆయప్ప తువ్వాల కిటికీకి కట్టుకోని నిద్రపోయినాడు. దిగి నా దగ్గరికొచ్చి, యాడప్పా మావాని బోర్డు అన్నాడు. అప్పటికే రేకు సగం కోసేసినా. మావానికి చెప్పబాక, చూసినా అనే చెప్తా అన్నాడు."

నేను కాగితాలు మడిచాను. "మరి ఆ టీ బంకు..."

"ఏం టీ? నేనాడికి పోయినప్పుడంతా చూసినా గదా, చల్లారిపోయి మీగడ కట్టేది. ఒక్కపొద్దు గూడా తాగల్యా ఆయప్ప. తలకాయెత్తి రేకు చూస్తా కూసునేవాడు."