మేకలను గుర్తు పెట్టుకున్న పిల్ల

నా చిన్నప్పుడు ఊళ్లో నాకొక పేరుండేది. అమ్మా నాయినా పెట్టింది కాదు, నేను చేజేతులా తెచ్చుకున్నది. 'మేకల గుర్తు'. ఎవరి గడప తొక్కినా "మేకల గుర్తొచ్చిందే" అని నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వేవాళ్లో చెబుతాను, మీరూ నవ్వుకోండి. ఇప్పుడైతే నాకేం బాధ లేదు.

మాది శామీర్‌పేట చెరువు కట్టకు దగ్గర్లోని చిన్న ఊరు. తొంభైల మొదట్లో చెరువు అవతల అంతా అడవే. మోదుగలు, తునికి చెట్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఇంటంతేసి రాతిగుండ్లు, ఆ పైన గుట్టలు. కట్ట దిగి అడవిలోకి పోతే ఒక్క కాలిబాట కాస్తా నాలుగు బాటలయ్యేది. నాలుగో తరగతిలో ఉండగా తోటి పిల్లలతో కలిసి సీతాఫలాలకు పోయాను. అడవిలో నడిచేటప్పుడు ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలని పెద్దవాళ్లు అంటుంటే విన్నదాన్నే కదా, నేనూ మహా తెలివిగా ఒక గుర్తు పెట్టుకున్నాను. బాట మలుపులో ఒక మేకల మంద మేస్తోంది. వచ్చేటప్పుడు మంద దగ్గర కుడికి తిరిగితే ఇల్లు, అంతే!

పండ్లు ఏరుతూ ఏరుతూ వెనకబడ్డాను. తిరిగొచ్చేసరికి మంద అక్కడ లేదు. ఎక్కడో దూరాన మేకల అరుపు వినబడితే హమ్మయ్య అనుకుని, వాటి దాకా పోయి, బుద్ధిగా కుడికి తిరిగాను. పొద్దుగూకే వేళకు గుట్ట అవతల ఇంకో ఊళ్లో తేలాను. కబురందుకుని మా నాయిన సైకిలు మీద వచ్చి తీసుకుపోయాడు. దారి పొడవునా వెనక్కి తిరిగి నా మొహం కూడా చూడలేదు. రెండు దెబ్బలేసినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఏడాది పాటు మా అమ్మ నన్ను కట్ట దిగనివ్వలేదు. అయిదో తరగతిలో ఉండగా కార్తీకం వచ్చింది. పిల్లలందరినీ చెరువు చుట్టూ నడిపించి, అవతలి గుట్ట మీది ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పెట్టిద్దామని మా సారు తలపెట్టాడు. అందరి పేర్లూ రాసుకుంటూ నా దగ్గరికొచ్చేసరికి కలం ఆపాడు. "నువ్వు వద్దు బిడ్డా. నలభై మందిని సూస్కోవాలె నేను. నిన్ను దేవులాడుకుంట ఎవరు తిరుగుతరు?" అన్నాడు. ఆయన మంచివాడే, వెక్కిరించాలని అనలేదు. కానీ తరగతంతా మే... మే... అని అరిచింది.

ఇంటికొచ్చి పెరటి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పులిహోర పోయిందని కాదు. ఈ పేరు పెద్దయినా నన్ను వదలదు, రేపు పెళ్లిలో కూడా మేకల గుర్తు పెళ్లి అంటారు అని నా భయం. ఆ వయసుకు అది చిన్న భయమేం కాదు.

గోడ అవతల పక్కింటి అవ్వ విస్తర్లు కుడుతోంది. అడవిలో మోదుగాకులు కోసుకొచ్చి, సన్నటి పుల్లలతో విస్తర్లు కుట్టి అమ్మడమే ఆమె బతుకుతెరువు. వనభోజనాల విస్తర్లు కూడా సారు ఆమెకే చెప్పాడు. నా ఏడుపు విని సంగతంతా అడిగింది. అయ్యో పాపం అనలేదు, కళ్లు తుడవలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే కట్టె పట్టుకుని మా వాకిట్లో నిలబడింది.

"నడుము వట్టేసింది. ఆకుల మూట మొయ్యనీకె జర ఈ పోరిని నాతోని పంపు" అంది మా అమ్మతో.

అమ్మ నసిగింది. "అత్తా, దీని సంగతి నీకెర్కే గద."

"నాతోని వచ్చి తొవ్వ తప్పినోళ్లు ఇంకా పుట్టలే" అనేసి అవ్వ నడక మొదలుపెట్టింది. నేను వెనకాలే పరుగెత్తాను.

అడవిలోకి పోయాక కొంచెం దూరం నడవడం, ఆగడం, నా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పడం. "ఏం గానొస్తాంది, చెప్పు." ఇదే పని. మొదటిసారి తిరిగి చూసి నేను నోరెళ్లబెట్టాను. అప్పుడే నడిచి వచ్చిన బాట అది కానట్టే ఉంది. ఎదురుగా వస్తున్నప్పుడు కూర్చున్న బర్రెలా కనబడిన గుండు, వెనక నుంచి చూస్తే నిలువునా చీలి ఉంది. ఆ చీలికలో ఒక జువ్వి మొక్క కూడా మొలిచింది.

"పోయేటప్పుడు తొవ్వ ఒక మొఖం జూపుతది, మర్లి వచ్చేటప్పుడు ఇంకో మొఖం. నువ్వు ఒక్కటే జూసినవ్. గందుకే తప్పినవ్" అంది అవ్వ.

మరి ఇక్కడ గుర్తేం పెట్టుకుంటావు అని అడిగితే, కింద మెరుస్తున్న చెరువు అంచును చూపించాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. "వాన వడ్తె నీళ్లు పైకి నడుస్తయ్, ఎండలకు కిందికి నడుస్తయ్. మేకలు నడుస్తయ్. నడిచేటిది గుర్తు గాదు బిడ్డా." ఏడాదిగా ఊరంతా నవ్వింది కానీ, నా తప్పేమిటో నాకు విడమరిచి చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

పొద్దు వాలేదాకా ఆకులు కోశాం. పెద్ద మూట ఆమె నెత్తిన, చిన్న మూట నా నెత్తిన. ఇక దిగుదామనగా అవ్వ ఒక బండ మీద కూలబడి కళ్లు నులుముకుంది. "కండ్లల్ల ఏదో వడ్డది. అంత మసక మసకైంది. నాకేం గానొస్తలేదు. ఇగ నువ్వే తీస్కపోవాలె."

నా వల్ల కాదవ్వా అన్నాను. "కాకుంటె ఈడ్నే ఉందం. నాదేమున్నది, ముసల్దాన్ని" అంటూ కాళ్లు బారజాపింది. ఏం చేస్తాను! ఆమె కట్టె కొస ఒకటి నేను పట్టుకుని, రెండోది ఆమె చేతికిచ్చి నడిచాను.

ఒక్కో మలుపులో ఆగి, పొద్దున వెనక్కి తిరిగినప్పుడు చూసింది గుర్తు చేసుకున్నాను. వంగిన తునికి చెట్టు దొరికింది. తెల్లచారల బండ దొరికింది. ఆ తర్వాత రెండు బాటలు చీలాయి. ఒకటి వెడల్పుగా, రా రమ్మన్నట్టుంది. ఇంకొకటి గడ్డి కమ్మి ఉంది. నిరుడు నేను పోయింది ఆ వెడల్పు బాటనే. చాలాసేపు నిలబడ్డాను. అవ్వ కట్టె కొస పట్టుకుని కళ్లు మూసుకునే ఉంది. అప్పుడు గడ్డిబాట చివర చీలిన గుండు, దానిలో జువ్వి మొక్క కనబడ్డాయి. అటే నడిచాను.

కొంచెం కిందికి పోయాక బాటకు అడ్డంగా ముళ్లకంప పడి ఉంది. నేను దాటి, అవ్వను హెచ్చరిద్దామని వెనక్కి తిరిగేసరికి ఆమె చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టి కంపను లక్షణంగా దాటేసింది. దాటి, మళ్లీ కళ్లు మూసుకుంది! నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, ముందుకు తిరిగి నడిచాను.

ఆదివారం సాయంత్రాలు మా సారు కట్ట మీద గాలం వేసుకుని కూర్చుంటాడని అవ్వకు తెలుసు. కట్ట ఎక్కుతూనే గొంతెత్తింది. "ఓ సారూ! కండ్లు గానరాని ముసల్దాన్ని గీ పిల్ల గుట్ట మీదికెంచి తీస్కొచ్చింది. నీ నలభై మందిల ఎవ్వలతోనన్న అయితదా?" బట్టలుతికే ఆడవాళ్లంతా తలెత్తి చూశారు. సారు ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూసి నవ్వాడు. "అయితే ముందట నువ్వే నడువు బిడ్డా" అన్నాడు.

వనభోజనాల నాడు నేనే ముందు. ప్రతి మలుపులో ఆగి "ఎన్కకు తిరుగుర్రి!" అని అరిచాను. నలభై తలకాయలు తిరిగాయి, సారు తలకాయ నలభై ఒకటోది. సాయంత్రం గడ్డిబాట మీదుగా అందరినీ కట్ట ఎక్కించాను. కట్ట మీద మా నాయిన సైకిలుతో సిద్ధంగా ఉన్నాడు, ఎందుకైనా మంచిదని. వరుసకు ముందు నేను రావడం చూసి, నన్ను సైకిలెక్కించుకుని ఇంటి దాకా బెల్లు కొడుతూనే ఉన్నాడు. మేకల గుర్తు అన్న పేరు మళ్లీ ఎవరి నోటా రాలేదు.

పదేళ్లు గడిచాయి. పెళ్లయి కొంపల్లిలో కాపురం పెట్టాను. అవ్వకు నిజంగానే చూపు పోయింది. ఒకసారి ఊరికి పోతే గుట్ట మీదికి తీసుకుపొమ్మంది. మళ్లీ కట్టె ఒక కొస నాది, ఒక కొస ఆమెది. పైకెక్కాక నేనేదీ అనకముందే "ఎన్కకు తిరిగి, ఏం గానొస్తాందో చెప్పు" అంది. చెరువును, కట్టను, చీలిన గుండును, చెట్టంతయిన జువ్విని వరుసగా చెప్పాను. దిగేటప్పుడు బాటలో కంప అడ్డమొచ్చింది. తీసి పక్కన పారేస్తూ అన్నాను. "ఆగవ్వా, కంప. అప్పటి లెక్క దాటకు."

అవ్వ నిలబడిపోయింది. "గప్పుడే ఎర్కైందా నీకు? మరి చెప్పకపోతివి?"

"చెప్తె మళ్ల నువ్వే ముందట నడుస్తుంటివి గద."

అవ్వ బాట మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఆ గుట్టలకు సెలవు రోజుల్లో బూట్లేసుకుని పట్నం వాళ్లు నడవడానికి వస్తున్నారు. నేనూ మా పిల్లల్ని, అక్క పిల్లల్ని వెంటబెట్టుకుని పోతాను. నాలుగడుగులకోసారి వాళ్లను వెనక్కి తిప్పుతాను. దిగేటప్పుడు మాత్రం నాకు దారి మరుపొచ్చిందని చెప్పి వాళ్లనే ముందు నడవమంటాను. మధ్యలో కంప అడ్డమొస్తే, వాళ్లు చూడకుండా దాటుతాను.