రాయి మీద రాయి

వెంకటముని పట్టిన పని ఏదీ చివరిదాకా పోయిన పాపాన పోలేదు. తిరుపతి లాడ్జీలో గుమాస్తాగా చేరి, యాత్రికులతో పోట్లాడి మానేశాడు. తిరుచానూరులో పూల అంగడి పెట్టాడు. పూలకంటే ముందు అంగడే వాడిపోయింది. చివరికి భార్య వసంతమ్మ ట్రంకుపెట్టె సర్దుకుని, పక్క వీధిలోని పుట్టింట్లో పోయి కూర్చుంది.

పిలుచుకురావడానికి పోతే అత్త దేవకమ్మ గడపలోనే నిలబెట్టింది.

"యా పనైనా ముగించినావా అప్పా నువ్వు? ఒక్కటి ముగించి సూపించు. పంపిస్తా బిడ్డని."

దేవకమ్మకు చిన్ననాటి కోరిక ఒకటుంది. ఆమె పుట్టింది కార్వేటినగరం పక్కన ఒక పల్లెలో. ఆ ఊరి నుంచి చూస్తే అడవికొండ నెత్తిన పాడుబడిన కోటగోడ కనిపిస్తుంది. ఏ కాలపు రాజులదో ఎవరికీ తెలియదు. ఆమెను అక్కడికి తీసుకుపోయినవాళ్లూ లేరు.

"నేను తీసకపోతా అత్తా. చీకటి పడేలోగా ఇంటికి తెస్తా. పంపిస్తావా?"

"తే, సూద్దాం."

అనుకున్న రోజు దేవకమ్మ ఒక్కతే రాలేదు. మునిరత్నమ్మ, పంకజాక్షి, ఇంకా వీధిలోని ఆడవాళ్లంతా పులిహోర మూటలతో బస్సెక్కారు.

అడవిలో మేకల దారులు, కట్టెలవాళ్ల దారులు ఎక్కడికక్కడ చీలిపోతాయి. వెంకటముని తెలివిగా, చీలిక వచ్చిన ప్రతిచోటా సరైన దారి పక్కన రాయి మీద రాయి మూడు రాళ్లు పేర్చుకుంటూ పోయాడు. కత్తితో కంపలు నరుకుతూ రొమ్ము విరుచుకుని నడిచాడు గానీ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక గోవిందనామాలు వినిపిస్తుంటే చాలనుకున్నాడు.

కోట అంటే సగం గోడ, తలుపు లేని వాకిలి, మేకపెంటికలు.

"దీనికా ఇంత దూరం?" అంది మునిరత్నమ్మ. "మా పెరటిగోడా ఇట్నే ఉండాది."

దేవకమ్మ మాత్రం ఆ గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. పులిహోర అక్కడే నిలబడి తింది.

తిరుగుదారిలో మొదటి చీలిక దగ్గరే వెంకటముని ఆగిపోయాడు. రెండు పక్కలా రాళ్ల గుట్టలే.

"ఎవరు పెట్టినారివి?"

"అందరం పెట్టినాము," అంది పంకజాక్షి. "సొంతిల్లు కావాలని తిరుమల నడకదారిలో పేరుస్తారు కదా. ముందు నువ్వే పేర్చినావు. ఈడ మొక్కు తొందరగా ఫలిస్తుందేమో అనుకున్నాము."

"అవి దారి గుర్తులమ్మా తల్లీ."

కాసేపు తల పట్టుకుని కూర్చుని, లేచి అన్నాడు: "ఎవరిల్లు వాళ్లు చెప్పండి. ఎవురిదీ కానిది నాది."

ఇక చూడాలి రభస. "ఆ మిద్దె నాది." "నీకు మిద్దె యాడిది? నీది ఆ కూలిపోయింది." రిజిస్ట్రారు ఆఫీసులో కూడా అంత గొడవ జరగదు. అయినా మిగిలిన గుట్టను పట్టుకుని చీలిక తర్వాత చీలిక దాటుకుంటూ వచ్చారు.

ఆఖరి చీలిక దగ్గర రెండు గుట్టలు మిగిలాయి, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. రెండూ మూడేసి రాళ్లవే. ఎవరూ నాదనలేదు. దేవకమ్మ కొంగు సర్దుకుంది. పొద్దు వాలుతోంది. వెంకటముని దేవుడి మీద భారం వేసి ఎడమకు తిరిగాడు. ఆ దారి ముళ్లకంపల్లో దూరి, చీరలు చించి, లోయ అంచున ఆగిపోయింది.

దేవకమ్మ బండ మీద కూలబడింది. "ఎనక్కి పదండి. ఆ ఎడమపక్కది నాది."

"ముందే చెప్పుండొచ్చు కదత్తా."

"నీకు ఇల్లుండాది కదక్కా, ఎవురికి పెట్టినావు?" అంది మునిరత్నమ్మ.

"ఇట్ట అడుగుతారనే నోరు మూసుకున్యా. ఈ తిక్కలోడికీ, నా బిడ్డకీ."

వెంకటముని అత్త ముందుకొచ్చి నిలబడ్డాడు. "అంటే పొద్దున్నే ఒప్పుకున్నావా అత్తా?"

"చెప్తే కొండ దిగకముందే నా నెత్తికెక్కుంటావు. నడువు."

తిరుచానూరు చేరేసరికి వీధి దీపాలు వెలిగి చాలాసేపయింది. వసంతమ్మ గడపలో నిలబడి ఆకాశం చూసింది, మొగుణ్ణి చూసింది. వెంకటముని తల దించుకున్నాడు.

దేవకమ్మ కరెంటు స్తంభం వైపు చెయ్యి చూపించింది.

"దీపం ఎలగతా ఉంటే చీకటి యాడుండాది? పెట్టె ఎత్తుకోవే."