బుడుంగు వేలిముద్ర

కంపెనీలో అందరూ అతన్ని బుడుంగు అనేవారు. ఓడరేవులు కట్టే కంపెనీలో ముప్ఫై ఎనిమిదేళ్లు నీళ్లలో మునిగి పనిచేసినవాడికి అంతకంటే తగిన పేరు ఎవరు పెడతారు? చదువు రాదు. మొండితనం మాత్రం నలుగురికి పంచినా ఇంకా మిగిలేంత ఉంది.

కంపెనీ పెట్టిన పెద్దాయనది ఒకటే నియమం. గోడ కట్టే చోట బుడుంగు మునిగి, అడుగంతా చేత్తో తడిమి చూడాలి. పైకొచ్చి డ్రాయింగు మూలనున్న గడిలో వేలిముద్ర వెయ్యాలి. అది పడందే ఒక్క రాయి కూడా నీళ్లలో పడకూడదు. పెద్ద పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు ఆ బొటనవేలి కోసం గట్టుమీద గొడుగులు పట్టుకుని పడిగాపులు కాసేవారు. అది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ నవ్వాగదు.

ఒక్కసారి మాత్రం వాళ్లు ఆగలేదు. పెద్దాయన జబ్బుచేసి మంచాన ఉన్నాడు, వానాకాలం ముంచుకొస్తోంది.

"కింది వరస రాళ్లు పడేచోట గట్టి నేల లేదు, అంతా బురదే. నా చెయ్యి భుజం దాకా దూరింది. ముద్ర వెయ్యను" అని బుడుంగు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు.

గడి ఖాళీగానే ఉంది, పని మాత్రం సాగింది. పదకొండో రోజున గోడ కూలింది. దానితోపాటు గోడమీది క్రేను కూడా కూలింది. క్రేను నడుపుతున్నది అతని తమ్ముడు. మునిగి శవాన్ని బయటికి తీసింది కూడా బుడుంగే.

ఇప్పుడు కంపెనీకి యాభై ఏళ్లు. మేనేజరుగా ఉన్న పెద్దాయన మనవడు చరిత్ర పుస్తకం వేయిస్తూ బుడుంగు కోసం కారు పంపాడు. బల్లమీద ఆ పాత డ్రాయింగు, పక్కనే సిరా దిండు, పొగలు కక్కే కాఫీ.

"అన్ని డ్రాయింగులమీదా నీ ముద్ర ఉంది తాతా. ఇదొక్కటే బోసిగా ఉంది. ఫొటో బాగుండాలి కదా!"

"ఈ గోడ గురించి ఏం రాశావు బాబూ? చదువు."

మేనేజరు ఒక కాగితం తీసి చదివాడు. "అడుగు పరీక్షించి, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, తుపాను ధాటికి..."

"తుపానా? ఆవేళ నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి."

"పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు కదా తాతా. ఎవరికీ చెడ్డపేరు రాకుండా..."

బుడుంగుకు ఒళ్లు మండిపోయింది. ఆ గడిలో వేలు పెడితే గోడకు ఒప్పుకున్నది తనే అవుతాడు. తమ్ముణ్ని చంపుకున్నదీ తనే అవుతాడు. ఇన్నేళ్లూ మరదలి ముఖంలోకి సూటిగా చూడగలిగాడంటే ఆ గడి ఖాళీగా ఉండబట్టే.

అతను సిరా దిండు లాక్కుని బొటనవేలు గట్టిగా అద్దాడు. మేనేజరు అమ్మయ్య అనుకుని డ్రాయింగు ముందుకు జరిపాడు. బుడుంగు దాన్ని పక్కకు నెట్టి, మేనేజరు చదివిన కాగితం అందుకున్నాడు.

"అడుగు పరీక్షించారని ఎక్కడ రాశావు?"

పాపం, మేనేజరు చూపించాడు. బుడుంగు సరిగ్గా అక్కడే వేలు నొక్కి, అటూ ఇటూ రుద్దాడు. ఆ వాక్యం మొత్తం నల్లబడింది.

"ఇప్పుడు తీసుకో ఫొటో" అని లేచాడు. "ఆ గడి జోలికి మాత్రం రాకు. అది మా తమ్ముడిది."