ముందు చక్రాలు గాల్లో!

మా ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్న రోజులవి. కోసిన వడ్లు బస్తాల్లో ఉన్నాయి, ఆకాశం నిండా మబ్బులు! వర్నిలోని కొనుగోలు కేంద్రానికి చేర్చాలని ట్రాక్టర్ నేనే తీశాను. ఖాళీ బండి నడిపానే గానీ, లోడుతో నడపడం అదే మొదటిసారి.

కాలువ గట్టు ఎక్కుతుండగా వెనుక ట్రాలీలోని బస్తాల బరువుకు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి! స్టీరింగ్ తిప్పినా లాభం లేదు. బ్రేకు తొక్కిపట్టి "అవ్వా!" అని కేక పెట్టాను.

దారి పక్కన ఆరబోసిన వడ్లు కుప్ప చేస్తున్న మా వాడ ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. నలుగురు ముందు బంపర్ ఎక్కి నిలబడ్డారు. చక్రాలు దభీమని నేలను తాకాయి.

"ఇగ పోనియ్ బిడ్డా! బరువుకు మేమున్నం," అంది పక్కింటి సాయవ్వ.

"భయమైతున్నదవ్వా!"

"మాకు గాదా? ముందల నిలవడ్డది మేము! సక్కగ సూసి నడుపు."

అంత భయంలోనూ నవ్వొచ్చింది. గేరు వేశాను. బండి గట్టు మీదికి చేరగానే వాళ్ల ఈలలు, కేకలు!

తొలి చినుకు పడేలోపే బస్తాలు కొనుగోలు కేంద్రం షెడ్డులోకి చేరాయి. ఇప్పుడు ఆ గట్టు మీద ఎవరి ట్రాక్టర్ లేచినా, కొంగు బిగించి ముందుగా బంపర్ ఎక్కేది నేనే.