తాళాలు తీసిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున చాయ్ సగం తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, జరసేపు ఒరుగుతానన్నది. నేను ఉప్మా ప్లేటు పట్టుకుని వెళ్ళేసరికి ఊపిరి లేదు. ఫోన్లు చేసిన బంధువులందరూ ఎట్లా పోయిందనే అడిగారు. కిడ్నీలు పాడయ్యాయని, చాన్నాళ్ళుగా డయాలసిస్ మీద ఉందని చెప్పాను. ఆ చాన్నాళ్ళూ ఎట్లా బతికిందని ఎవరూ అడగలేదు. నాకు చెప్పాలనున్నది అదే.

ఆమెది వర్ధన్నపేట దగ్గర పల్లె. మామ పోయాక పొలం కౌలుకిచ్చి, హన్మకొండలో మా ఫ్లాటుకు వచ్చింది. మొదట్లో ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. పాలప్యాకెట్టు ఇంటికే వస్తుంది, ఊడవడానికి మనిషి వస్తుంది. ఒక రోజు ఏమీ తోచక స్టూలెక్కి సజ్జ మీది సామాను దించి తుడవడం మొదలుపెట్టింది. అందులో ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. లోపల పాచికలు. నాలుగు మొహాలవి, ఎనిమిది మొహాలవి, ఇరవై మొహాలవి.

ఇవేంటని అడిగితే చెప్పాను. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆదివారాలు ఆడుకున్న ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు, ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు. డ్రాగన్‌తో కొట్లాడతారో, పారిపోతారో వాళ్ళిష్టం. అనుకున్న పని అయిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. మా గుంపులో కథ నడిపేది నేనే. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పాప. స్నేహితులు తలా ఒక ఊరికి పోయారు. డబ్బా సజ్జ ఎక్కింది.

అత్తమ్మ ఇరవై మొహాల పాచికను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే నేను దొంగనైత," అన్నది.

పూజ చేయనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. దొంగ ఎందుకని నవ్వుతూ అడిగాను.

"ధాన్యం కొట్టుకు, పెట్టెకు, ఇంటికి, జీవితమంత తాళాలు ఏసుడే అయింది బిడ్డా. ఒక్కసారన్న తీసి జూడాలె."

ఆ ఆదివారం అన్నాలయ్యాక చాప మీద కూర్చున్నాం. అత్తమ్మ, మా ఆయన, పదో తరగతి చదివే మా అమ్మాయి, నేను. కథ మొదలుపెట్టాను. రూల్స్ సగం మరిచిపోయాను. ఒకప్పుడు నోట్లోంచి కొండలూ కోటలూ వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు నా మాట నాకే క్లాసులో పాఠంలా వినబడుతోంది. మా ఆయన మొహమాటానికి తల ఊపుతున్నాడు. ఎట్లాగో గుహ దాకా లాక్కొచ్చి, వాకిట్లో ఒక రాక్షసుణ్ణి నిలబెట్టాను. మా అమ్మాయి కత్తి దూసింది. అత్తమ్మ ఆగమన్నది. రాక్షసుడి వైపు, అంటే నా వైపు తిరిగింది.

"తిన్నవా బిడ్డా?"

ఏ రూల్స్ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. ఆ రాక్షసుణ్ణి ఎవరు కాపలా పెట్టారో, అన్నం పెట్టేవాళ్ళున్నారో లేదో నేనూ ఆలోచించలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని వాడి గొంతుతో చెప్పాను. అక్కడి నుంచి కథ తనంతట తాను నడిచింది. ఇన్నేళ్ళ తర్వాత ఆట నా దగ్గరికి మళ్ళీ వచ్చింది ఆ క్షణంలోనే.

ఏడాది తిరగకముందే ఆమెకు కాళ్ళు వాచాయి, ఆయాసం మొదలైంది. డయాలసిస్ అంటే మొదట వద్దంది. ఆట కోసం ఒప్పుకుందని చెప్పను, కొడుకు ముఖం చూసి ఒప్పుకుంది. నాకు మాత్రం ఒక షరతు పెట్టింది. దవాఖానలో ఊరికే పండుకోదట, నేను కథ చెప్పాలట. నేను పాఠాలు చెప్పే కాలేజీలో నా మధ్యాహ్నం క్లాసులు పొద్దుటికి మార్పించుకున్నాను.

ఒక చేయి మిషన్‌కు. రెండో చేత్తో పాచిక వేసేది. స్టీలు ప్లేటులో వేస్తే చప్పుడవుతోందని సిస్టర్ కసిరితే, ప్లేటులో తువ్వాల పరిచాం. పక్క బెడ్డు మీద రఘునాథపల్లి పత్తి రైతు ఒకాయన ఉండేవాడు. మొదట కళ్ళు మూసుకుని విన్నాడు. కొన్నాళ్ళకు, "అక్కా, గా దర్వాజ తీయకు, గాలి మంచిగ లేదక్కడ," అని సలహాలు మొదలుపెట్టాడు. అత్తమ్మ సలహా అంతా విని, దర్వాజ తీసేది.

ఆమె దొంగకు ఒక అలవాటుండేది. దారిలో ఎక్కడ బావి కనబడ్డా ఆగి నీళ్ళు తాగేది. శత్రువులు తరుముతున్నా సరే. ఆ నీళ్ళు చల్లగున్నాయా, తియ్యగున్నాయా అని నన్ను అడిగేది. చాలాసార్లు చెప్పాకగానీ నాకు తట్టలేదు, డాక్టరు ఆమెకు రోజుకు కొలిచి ఇన్ని నీళ్ళే తాగమన్నాడని. ఆ తర్వాత కథలో దారులన్నిటా బావులు తవ్వించాను.

వేసవి సెలవుల్లో మా అమ్మాయి కూడా దవాఖానకు వచ్చేది. ఒక రోజు కథలో దాన్ని లోయ అవతల చెరలో గొలుసులతో కట్టేశారు. అత్తమ్మ దొంగ తాడు వంతెన దాటి వెళ్ళి, తాళం తీసి, మనవరాల్ని ముందు పరుగెత్తించింది. వంతెన మీద తన వంతు వచ్చింది. పాచిక వేసింది. ఒకటి పడింది. అంతకంటే చెడ్డ అంకె ఆ ఆటలో లేదు.

నేను గబుక్కున పాచిక తీశాను. తువ్వాల మడతకు ఆనింది, లెక్కలోకి రాదు, మళ్ళీ వేయమన్నాను. ఆమె నా చేతి మీద చేయి వేసింది.

"పడ్డది పడ్డట్టు చెప్పు బిడ్డా. ఈడ అందరు మంచిగున్నవనే చెప్తాండ్రు. నువ్వన్న నిజం చెప్పు."

చెప్పాను. తాడు తెగిందన్నాను. రైతు గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. మా అమ్మాయి ఏడ్చింది. అత్తమ్మ దాన్నే చూస్తూ, ఇప్పుడు నువ్వేం చేస్తావని అడిగింది. అక్కడే, లోయ అంచున కూర్చుంటానన్నది మా అమ్మాయి.

"కూసుంటె ఎట్ల? పొద్దుగూకుతాంది. లేసి నడువు."

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని, నడుస్తున్నానని చెప్పింది. ఏ వైపని అడిగింది అత్తమ్మ. ఆ సాయంత్రం దాకా తను లేని కథను, తనే ప్రశ్నలడుగుతూ పూర్తిగా విన్నది.

దొంగతోపాటే ఆట కూడా అయిపోయిందనుకున్నాను. తర్వాతి సారి సూది గుచ్చగానే, తను మళ్ళీ కథలోకి వస్తానన్నది. ఈసారి ఎవరని అడిగాను. చనిపోయిన దొంగకు ఒక కోడలుందట, అత్తను వెతుక్కుంటూ వస్తోందట. ఆ కోడలు గుర్రం మీద కూడా ఫోన్ మాట్లాడినట్టు మెడ వంచి మాట్లాడుతుంది, ప్రతి మాటకూ "ఒక్క నిమిషం" అంటుంది, అన్నం నిలబడే తింటుంది. వార్డంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఎవరేమన్నా, ఆ కోడలు ధైర్యవంతురాలు. తాళం ఎట్లా తీయాలో తెలియకపోతే తలుపే విరగ్గొట్టేది. నేనట్లా కనబడతానని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

దినాలయ్యాక, వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు ఎవరికైనా పనికొస్తాయని దవాఖానకు తీసుకెళ్ళాను. ఆమె బెడ్డు మీద కొత్తామె ఎవరో ఉంది, నా వయసే ఉంటుంది, భయంగా మిషన్ వైపు చూస్తోంది. రైతు నన్ను చూసి లేవబోయాడు. లేవద్దని చేయి ఊపాను. మెల్లగా అడిగాడు.

"చెల్లె, గా కోడలు యాడిదాంక వచ్చింది?"

నాకూ తెలియదన్నాను. అయినా స్టూలు లాక్కుని రెండు బెడ్ల మధ్య కూర్చున్నాను. కోడలు ఏటి ఒడ్డుకు వచ్చిందని, అవతల ఏదో వెలుగు కనబడుతోందని మొదలుపెట్టాను. సిస్టర్ వెళ్ళి టీవీ గొంతు తగ్గించింది. కొత్తగా వచ్చినామె మిషన్ మీది నుంచి చూపు తిప్పి, ఆ ఏరు లోతెంత ఉంటుందని అడిగింది.